సాయంత్రానికి ముదిరే డిస్టోనియా: ఎక్సోమ్ నెగెటివ్ అయితే లెవోడోపా ఇవ్వాలా, వద్దా?

పిల్లలవార్డు_పీజీ:

డిస్టోనియా (కండరాలు వాటంతటవే బిగిసి ఒంటిని మెలితిప్పే జబ్బు) ఉన్న పాపకి తొమ్మిదేళ్లు, బరువు 24 కిలోలు. ఆరో ఏట నడుస్తుంటే ఎడమ పాదం లోపలికి తిరగడంతో మొదలైంది. ఇప్పుడు రెండు కాళ్లకీ వచ్చింది, మునివేళ్ల మీద నడుస్తుంది. పొద్దున లేచిన గంట రెండు గంటల్లో చూస్తే జబ్బుందనే అనిపించదు. బడి వదిలే వేళకి గోడ పట్టుకోవాలి. మధ్యాహ్నం ఓ కునుకు తీస్తే మళ్లీ తేరుకుంటుంది. మోకాలి రిఫ్లెక్సులు చురుగ్గా ఉన్నాయి, ఎడమ బొటనవేలు ఎప్పుడూ పైకి లేచే ఉంటుంది. ఈ రెండూ చూసి గతంలో స్పాస్టిక్ సెరిబ్రల్ పాల్సీ (పుట్టుక ముందూ వెనకా మెదడు దెబ్బతిని కాళ్లు బిగుసుకునే జబ్బు) అని రాసేశారు, మడమ వెనక టెండన్ పొడిగించే ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చారు. కానీ కాన్పు సాఫీగా జరిగింది, పుట్టగానే ఏడ్చింది, ఎంఆర్‌ఐలో ఏమీ లేదు, చదువులో చురుకు. తల్లిదండ్రులది మేనరికం.

ఎక్సోమ్ (జీన్లలో ప్రోటీన్ కోడ్ ఉండే ఎక్సాన్ ముక్కలన్నీ చదివే పరీక్ష) పంపితే జబ్బుకు కారణమనదగ్గ మార్పు ఏదీ లేదని రిపోర్టు వచ్చింది. జీసీహెచ్‌1 జీన్ నెగెటివ్ కాబట్టి సెగావా జబ్బు (మెదడులో డోపమైన్ తగ్గి వచ్చే డిస్టోనియా) కాదు, లెవోడోపా (డోపమైన్‌గా మారే మందు) అనవసరం అని యూనిట్‌లో ఒక వాదన. ఇచ్చి చూడాలని ఇంకో వాదన. ఇస్తే ఏ లెక్కన ఇవ్వాలి, ఎన్నాళ్లు చూడాలి, ఏ దశలో పనిచేయలేదని ఒప్పుకోవాలి? ఇంతకీ ఎక్సోమ్ కంటికి ఆననివి ఏమేం ఉన్నాయి?

కదలికల_క్లినిక్:

ఇవ్వాలి. ఎక్సోమ్ ఏం చెప్పినా ఇవ్వాలి. చిన్నతనంలో మొదలై, కారణం దొరకని డిస్టోనియా ఏదైనా సరే, లెవోడోపా ట్రయల్ ఒకసారి జరిగి తీరాలి. మీరు చెప్పిన పాప సంగతి అయితే సెగావా 1970ల్లో వర్ణించిన పిల్లల్లాగే ఉంది. చురుకైన రిఫ్లెక్సులు ఈ జబ్బులోనూ ఉంటాయి. పైకి లేచిన బొటనవేలు బబిన్‌స్కీ (మెదడు నుంచి దిగే నరాల దారి దెబ్బతిన్న గుర్తు) కానక్కర్లేదు, స్ట్రయేటల్ టో (డిస్టోనియా వల్లే లేచిన వేలు) కావచ్చు. అరికాలు గీసినప్పుడే లేస్తుందా, ఊరికే కూర్చున్నప్పుడూ లేచి ఉంటుందా అన్నదే తేడా. మీరు ‘ఎప్పుడూ’ అన్నారు కాబట్టి రెండోదే.

జీసీహెచ్‌1 ఎంజైమ్ టెట్రాహైడ్రోబయోప్టెరిన్ తయారీలో మొదటి మెట్టు. ఆ బయోప్టెరిన్ లేకపోతే టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ (టీహెచ్) అనే ఎంజైమ్ పనిచేయదు, డోపమైన్ తయారవదు. నాడీకణాలు మాత్రం చావవు. నిద్రలో కొంత నిల్వ కూడుతుంది, మెలకువగా ఉన్నంతసేపూ ఖర్చవుతుంది. పొద్దున బాగుండి సాయంత్రానికి చతికిలబడడం అందుకే. పార్కిన్సన్స్‌తో పోలిస్తే చాలా తక్కువ డోసు చాలడానికీ, అదే డోసు ఏళ్ల తరబడి పనిచేయడానికీ కారణం కూడా కణాలు బతికే ఉండడమే. ఒక్క మాట: అలసటతో ఏ డిస్టోనియా అయినా పెరుగుతుంది. అసలు అడగాల్సింది నిద్రపోయి లేస్తే తగ్గుతుందా అని.

ఇక డోసు. కింద చెప్పేది వైద్యం చేస్తున్నవాళ్ల కోసం, ఇది చదివి ఇంట్లో మొదలుపెట్టేది కాదు. 4:1 బిళ్ల తీసుకోండి, అంటే లెవోడోపా 100, కార్బిడోపా 25 ఉన్నది. మన దగ్గర సిండోపా ప్లస్ అంటే అదే. సిండోపా 110 అంటే 100కి 10 మాత్రమే. పిల్లలకిచ్చే చిన్న డోసుల్లో ఆ కార్బిడోపా చాలదు, లెవోడోపా దారిలోనే డోపమైన్‌గా మారిపోయి వాంతులు పట్టుకుంటాయి. సీఆర్ (మెల్లగా విడుదలయ్యే) బిళ్ల వద్దు. దాన్ని పొడి చేస్తే కొనడమే దండగ.

మేనరికంలో జీన్ రెండు కాపీలూ చెడి వచ్చే జబ్బులకి అవకాశం ఎక్కువ కాబట్టి మామూలుగా మొదలుపెట్టే 1 మి.గ్రా./కిలో కాకుండా 0.5తో మొదలుపెట్టండి. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ లోపమో, సెపియాప్టెరిన్ రిడక్టేజ్ (ఎస్‌పీఆర్, బయోప్టెరిన్ తయారీలో ఇంకో ఎంజైమ్) లోపమో అయితే కాస్త ఎక్కువైనా ఒళ్లంతా మెలికలు తిరిగే డిస్కైనీసియా వస్తుంది. 24 కిలోలకి రోజుకి 12 మి.గ్రా. బిళ్లని ఎనిమిది ముక్కలు చేయడం అయ్యే పని కాదు. ఒక బిళ్లని 10 ఎం.ఎల్. నీళ్లలో వేసి చెదరనివ్వండి, ఎం.ఎల్.కి 10 మి.గ్రా. లెవోడోపా అవుతుంది. పూర్తిగా కరగదు, అడుగుకి దిగుతుంది, కాబట్టి ప్రతిసారీ కలిపి వెంటనే తీయాలి. పూటకి 0.4 ఎం.ఎల్., మూడు పూటలు. మిగిలింది పారబోయాలి, నల్లబడిందంటే పాడైనట్టే. 1 ఎం.ఎల్. ట్యూబర్‌క్యులిన్ సిరంజి ఇవ్వండి. ఇన్సులిన్ సిరంజి చేతిలో పెడితే దాని మీద గీతలు యూనిట్లలో ఉంటాయి, ఇంట్లో లెక్క తప్పుతుంది.

రెండో వారం 1 మి.గ్రా./కిలో, అక్కణ్నుంచి వారానికి 1 చొప్పున 5 దాకా, అంటే రోజుకి 120 మి.గ్రా. 4 దాటాక బిళ్లని పావులు, సగాలు చేసి ఇవ్వొచ్చు. అన్నానికి అరగంట ముందు ఇవ్వాలి. పాలు, గుడ్డు, పప్పు మీద ఇస్తే ఆ అమైనో ఆమ్లాలు పేగులోనూ మెదడు గడపలోనూ లెవోడోపాకి పోటీ వస్తాయి. 5 దగ్గర నాలుగు వారాలు ఆపి చూడండి. అచ్చమైన జీసీహెచ్‌1 అయితే అంతకు చాలా ముందే, కొద్ది రోజుల్లోనే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఏమీ లేకపోయినా, అరకొరగా ఉన్నా 10 మి.గ్రా./కిలో దాకా వెళ్లి మళ్లీ నాలుగు వారాలు. అప్పుడు గానీ ఫెయిల్ అనకూడదు. సగం బిళ్ల పది రోజులిచ్చి ‘లెవోడోపా పనిచేయలేదు’ అని ఫైల్లో రాస్తే, ఆ ఒక్క వాక్యం వల్ల తర్వాత ఎవరూ ఆ మందు జోలికి పోరు.

రెండు చోట్ల ట్రయల్ దారి తప్పుతుంది. డిస్కైనీసియా వస్తే మందు పడలేదని మానేస్తారు. నిజానికి అది మంచి ఆధారం, అంతకు ముందున్న డోసుకి దిగి అక్కడే రెండు వారాలు ఆగి, ఇంకా మెల్లగా పెంచాలి. రెండోది, వాంతులని మెటోక్లోప్రమైడ్ రాస్తారు. అది మెదడులోకి వెళ్లి డోపమైన్ రిసెప్టర్లనే మూస్తుంది, తనంతట తనే మెడ, కళ్లు మెలితిప్పే డిస్టోనియా తెప్పిస్తుంది. ప్రోక్లోర్‌పెరజీన్ కూడా అంతే. తప్పదనుకుంటే ఈసీజీలో క్యూటీ (గుండె లయకి ముప్పు చెప్పే కొలత) చూసి డోమ్‌పెరిడోన్.

జీన్‌బెంచ్:

ట్రయల్ విషయంలో పై డాక్టర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఎక్సోమ్ సంగతికి వస్తే, ‘నెగెటివ్’ అన్న మాట చూసి ఆగకుండా ల్యాబ్‌కి ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగాలి.

మొదట, జీసీహెచ్‌1 మొదటి ఎక్సాన్‌కి కవరేజీ (ఎన్నిసార్లు చదివారన్నది) ఎంత? అది జీ, సీ అక్షరాలు ఎక్కువున్న ముక్క, కొన్ని కిట్లు సరిగా పట్టుకోవు. 20 రీడ్ల కంటే తక్కువుంటే అక్కడ చూడనట్టే లెక్క. జీన్ ముందుండే కోడింగ్ కాని భాగంలోనూ జబ్బు తెచ్చే మార్పులున్నాయి. టీహెచ్ జీన్‌కైతే ప్రమోటర్‌లో (జీన్‌ని నడిపించే ముందుభాగంలో), మైనస్ 70, 71 స్థానాల్లో తెలిసిన మార్పులున్నాయి. మామూలు ఎక్సోమ్ అటువైపే చూడదు.

తర్వాత, ఎక్సాన్లకి ఎక్సాన్లే ఎగిరిపోయిన డిలీషన్లు. జీసీహెచ్‌1 కుటుంబాల్లో కొన్నింటికి కారణం ఇదే. ఒక కాపీ పోయినా రెండో కాపీ రీడ్లు వస్తూనే ఉంటాయి, సీక్వెన్స్ సుబ్బరంగా కనిపిస్తుంది. దీనికి ఎంఎల్‌పీఏ (ఒక్కో ఎక్సాన్‌కి ఎన్ని కాపీలున్నాయో లెక్కపెట్టే పరీక్ష) చేయాలి. జీసీహెచ్‌1, టీహెచ్, ఎస్‌జీసీఈ (అదిరిపాటుతో కలిసిన డిస్టోనియా తెచ్చే జీన్) మూడూ ఒకే కిట్‌లో చూసే వీలుంది. ఎక్సోమ్ డేటా మీద సీఎన్‌వీ (కాపీల సంఖ్య) విశ్లేషణ చేశామని ల్యాబ్ అన్నా, ఒక్క ఎక్సాన్ పోయిన చోట దాన్ని నమ్ముకోలేం.

నన్నడిగితే వీటన్నిటికంటే పెద్ద మోసం ఫిల్టర్‌లో ఉంది. తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురి డేటా కలిపి చూసేటప్పుడు ‘ఆరోగ్యంగా ఉన్న తండ్రిలోనూ ఈ మార్పుంది కాబట్టి హాని లేదు’ అని సాఫ్ట్‌వేర్ తీసి పక్కన పడేస్తుంది. డిస్టోనియాలో ఈ తర్కం చెల్లదు. డిస్టోనియా తెచ్చే టీఓఆర్‌1ఏ జీన్‌నే చూడండి. 1997లో దొరికిన ఆ మార్పు మూడు అక్షరాల జీఏజీ డిలీషన్, టార్సిన్‌ఏ ప్రోటీన్‌లో ఒక్క గ్లుటామిక్ ఆమ్లం తగ్గుతుంది. అది మోస్తున్నవాళ్లలో జబ్బు బయటపడేది దాదాపు 30 శాతం మందిలోనే, మిగతావాళ్లు జీవితాంతం బాగానే ఉంటారు. జీసీహెచ్‌1 ఆడవాళ్లలో ఎక్కువగా, మగవాళ్లలో తక్కువగా బయటపడుతుంది, కాబట్టి తండ్రికి ఏమీ లేదన్నది సాక్ష్యమే కాదు. ఎస్‌జీసీఈలో ఇంకో తిరకాసు. తల్లి నుంచి వచ్చిన కాపీ మామూలుగానే నిద్రాణంగా ఉంటుంది, జబ్బు తండ్రి కాపీలో మార్పుంటేనే వస్తుంది. ఆ తండ్రికి తన తల్లి నుంచి వచ్చి ఉంటే ఆయనకి ఏ లక్షణమూ ఉండకపోవచ్చు. అందుకని డిస్టోనియా జీన్ల వరకూ ఆ ఫిల్టర్ తీసేసి మళ్లీ చూడమనండి.

చివరిది మన ప్రాంతానికి సంబంధించింది. మేనరికం అన్నారు కదా, హోమోజైగస్ పట్టీలు (రెండు కాపీలూ ఒకేలా ఉన్న ముక్కలు) ఎక్కడెక్కడున్నాయో రాసిమ్మనండి. పొడవైన పట్టీలో టీహెచ్, ఎస్‌పీఆర్, పీటీఎస్, ఏటీపీ7బీ, పాంక్2, పీఎల్‌ఏ2జీ6 లాంటి, రెండు కాపీలూ చెడితే డిస్టోనియా తెచ్చే జీన్ పడితే, ఆ జీన్‌లో ‘అర్థం తేలని మార్పు’ అని పక్కన పెట్టినదాన్ని బయటికి లాగాలి. ఇంకో సంగతి, దక్షిణాదిలో తరతరాలుగా కులంలోపలే పెళ్లిళ్లు. ప్రపంచ డేటాబేస్‌లో అరుదుగా కనిపించే మార్పు ఒక్క సమూహంలో మామూలే అయ్యుండొచ్చు. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధకులు భాగస్వాములైన 2017 నాటి అధ్యయనం దక్షిణాసియా సమూహాల్లో ఈ ఫౌండర్ ప్రభావం (కొద్దిమంది పూర్వీకుల మార్పులు సమూహమంతా పాకడం) ఎంత బలంగా ఉందో చూపించింది. అరుదైనదల్లా జబ్బు తెచ్చేది కాదు.

ఈ పాపకి సంబంధం లేకపోయినా, ఎక్సోమ్ హద్దులు తెలియడానికి ఫిలిప్పీన్స్‌లోని పనాయ్ ద్వీపం ఉదాహరణ చెప్పాలి. అక్కడ మగవాళ్లకి నడివయసులో వచ్చే ఎక్స్‌డీపీ అనే డిస్టోనియా ఉంది, స్థానికంగా లుబాగ్ అంటారు. కారణం టీఏఎఫ్‌1 జీన్ ఇంట్రాన్‌లో (ఎక్సాన్ల మధ్య భాగంలో) వచ్చి కూర్చున్న ఎస్‌వీఏ అనే ముక్క, పొడవు 2,600 అక్షరాల పైచిలుకు. దాని చివర ఆరక్షరాల రిపీట్ ఎంత పొడవుంటే జబ్బు అంత చిన్న వయసులో మొదలవుతుంది. ఎక్సాన్లు ఎంత చదివినా ఇది దొరకదు. పూర్తి జీనోమ్, వీలైతే పొడవు రీడ్లతో చదివేది కావాలి.

రాగి_ప్టెరిన్లు:

లెవోడోపా మొదటి చుక్క నోట్లో పడకముందు చేయాల్సినవి కొన్నున్నాయి, అవి ఎవరూ చెప్పలేదు.

సీఎస్‌ఎఫ్ (వెన్నునీరు) తీసే ఉద్దేశం ఉంటే ముందే తీయాలి. మందు మొదలయ్యాక హెచ్‌వీఏ (డోపమైన్ విరిగితే వచ్చేది) పెరిగిపోతుంది, చదివినా అర్థం ఉండదు. హెచ్‌వీఏ, 5-హెచ్‌ఐఏఏ (సెరటోనిన్ విరిగితే వచ్చేది), ప్టెరిన్లయిన నియోప్టెరిన్, బయోప్టెరిన్ అడగండి. జీసీహెచ్‌1లో ప్టెరిన్లు రెండూ తగ్గుతాయి. టీహెచ్ లోపంలో ప్టెరిన్లు బాగానే ఉండి హెచ్‌వీఏ ఒక్కటే పడిపోతుంది. సెపియాప్టెరిన్ రిడక్టేజ్ లోపంలో 5-హెచ్‌ఐఏఏ కూడా పడిపోతుంది, ఆ పిల్లలకి లెవోడోపాతో పాటు సెరటోనిన్‌గా మారే 5-హైడ్రాక్సీట్రిప్టోఫాన్ కావాలి. ఈ శాంపిల్ పాడవడానికి దారులెక్కువ. వెన్నులో పైనుంచి వచ్చే నీటిలో హెచ్‌వీఏ ఎక్కువ, కాబట్టి ఎన్నో ఎం.ఎల్. ఏ ట్యూబులో పట్టాలో ల్యాబ్ చెప్పిన వరస తప్పకూడదు. మంచం పక్కనే ఐస్ ఉండాలి, వెంటనే మైనస్ 80కి చేరాలి. ప్టెరిన్ల ట్యూబులో ల్యాబ్ ముందే ఆక్సీకరణ ఆపే మందు వేసి పంపుతుంది, దాన్ని ఖాళీ ట్యూబనుకుని కడిగేయకండి. రక్తం కలిస్తే సెంట్రిఫ్యూజ్ చేసి పైతేటని గడ్డకట్టించాలి, లేకపోతే హీమోగ్లోబిన్ అన్నిటినీ ఆక్సీకరించేస్తుంది.

అదే సూదికి గ్లూకోజ్ కూడా చూడండి. నాలుగు గంటలు ఏమీ తినకుండా ఉంచి, ముందు రక్తం తీసి, తర్వాత వెన్నునీరు. నొప్పితో ఏడ్చాక రక్తం తీస్తే గ్లూకోజ్ పెరిగి వెన్నునీటికీ రక్తానికీ ఉన్న నిష్పత్తి తప్పుగా వస్తుంది. గ్లూట్1 లోపంలోనూ (మెదడుకి గ్లూకోజ్ సరిగా చేరని జబ్బు) నడిచేకొద్దీ కాళ్లు మెలిపడతాయి, భోజనానికి ముందు ఎక్కువ, తిన్నాక తక్కువ. దానికి మందు లెవోడోపా కాదు, కీటోజెనిక్ (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థం తక్కువ) ఆహారం.

విల్సన్ (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) విషయం. ఎంఆర్‌ఐ నార్మల్‌గా ఉండి మూడేళ్ల నుంచి కాళ్లకే పరిమితమైతే అవకాశం తక్కువే. అయినా వైద్యం ఉన్న జబ్బు, పరీక్ష చవక, మేనరికం ఉంది, కాబట్టి వదలకూడదు. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ 20 మి.గ్రా./డె.లీ. కంటే తక్కువుంటే అనుమానించాలి, అయితే జ్వరంలో, వాపులో అది పెరిగి మామూలుగా కనిపిస్తుంది. రాగి ఉంగరం కోసం స్లిట్ ల్యాంప్‌తో కార్నియా చూడాలి, టార్చిలైటుతో కాదు. 24 గంటల మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాములు దాటితే బలమైన ఆధారం, పిల్లల్లో 40 దాటినా వదలకూడదు. ఈ పరీక్ష తప్పేది ల్యాబ్‌లో కంటే ఇంట్లోనే. పొద్దున మొదటి మూత్రం పారబోసి అక్కణ్నుంచి మర్నాటి మొదటి మూత్రం దాకా పట్టాలి. ఇత్తడి, రాగి చెంబులో పట్టి డబ్బాలో పోశారా, అంకె పనికిరాదు. ల్యాబ్ ఇచ్చిన లోహం అంటని ప్లాస్టిక్ డబ్బాలోనే నేరుగా పట్టాలి.

కదలికల_క్లినిక్:

సీఎస్‌ఎఫ్ ముందు తీయాలన్నది నిజమే మేడమ్, కాదనను. కానీ ప్టెరిన్లు కొలిచే ల్యాబ్‌కి మైనస్ 80 చెడకుండా శాంపిల్ చేర్చడం చాలా ఊళ్లలో కుదరని పని. దాని కోసం మందు నెలల తరబడి ఆపేకంటే ముందు మందే ఇవ్వాలంటాను. గ్లూకోజ్, విల్సన్ పరీక్షలు మాత్రం రెండు రోజుల్లో అయిపోతాయి, అవి చేసేసి మొదలుపెట్టండి.

ఇందాక కొలత సంగతి చెప్పలేదు. ‘బాగుందా అమ్మా?’ అని అడిగితే బాగుందనే అంటారు. మందుకి ముందు రెండు వీడియోలు తీయించండి, లేచిన అరగంటలో ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి. చెప్పుల్లేకుండా, మోకాళ్ల పైదాకా కనిపించేలా, పది మీటర్లు ఎదురుగా రావడం, వెనక్కి పోవడం, పక్కనుంచి ఒకసారి. ప్రతి డోసు మెట్టు చివర అవే. బర్క్-ఫాన్-మార్స్‌డెన్ స్కేల్‌లో (డిస్టోనియా తీవ్రత కొలిచేది) ఒక్కో కాలికి 16 దాకా మార్కులు పడతాయి, మొత్తం కదలికల భాగం 120. తేదీలు తెలియనివాళ్లతో మార్కులు వేయించండి.

మందు పనిచేసినా జీసీహెచ్‌1 అని తేలినట్టు కాదు. పార్కిన్ జీన్‌తో చిన్న వయసులో వచ్చే పార్కిన్సనిజం కూడా కాలి డిస్టోనియాతో మొదలై, నిద్రతో తగ్గి, లెవోడోపాకి బాగా లొంగుతుంది. ట్రోడాట్ స్కాన్ (డోపమైన్ కణాలు బతికున్నాయో లేదో చూపేది) ఇక్కడ తేల్చేస్తుంది. జీసీహెచ్‌1లో అది నార్మల్, పార్కిన్‌లో కాదు.

పిల్లలవార్డు_పీజీ:

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు మిగిలాయి. ఆపరేషన్ తేదీ దగ్గరపడింది, మడమ నిజంగానే బిగుసుకుపోయిందేమో అన్నది ఎలా తేల్చాలి? లెవోడోపా రెండు మెట్లలోనూ పనిచేయకపోతే డీబీఎస్ (మెదడులో తీగలు పెట్టి కరెంటుతో ప్రేరేపించే ఆపరేషన్) గురించి ఎప్పుడు మాట్లాడాలి?

పాలిడమ్_130:

మడమకి ఖరీదైన పరీక్షేమీ అక్కర్లేదు. పాప గాఢనిద్రలో ఉన్నప్పుడు మోకాలు చాపి, పాదాన్ని మెల్లగా పైకి వంచండి. తొంభై డిగ్రీలకి తేలిగ్గా వస్తే అది డిస్టోనియా, టెండన్ పొట్టిది కాలేదు. నిద్రలోనూ గట్టిగా అడ్డుపడితేనే కాంట్రాక్చర్. ఎంఆర్‌ఐకి మత్తిచ్చినప్పుడే చూసుంటే ఈపాటికి తేలిపోయేది. డిస్టోనియా పాదానికి టెండన్ పొడిగిస్తే లాగే కండరం లాగుతూనే ఉంటుంది, పాదం ఇంకో పక్కకి తిరుగుతుంది. ట్రయల్ ముగిసేదాకా వాయిదా వేయమని ఆర్థోవాళ్లకి రాసివ్వండి. గట్టి ప్లాస్టిక్ స్ప్లింట్ కూడా కొందరిలో మెలికని పెంచుతుంది, పెట్టాక నడక చూసి ఉంచాలో తీయాలో తేల్చుకోవాలి.

డీబీఎస్ కంటే ముందు ట్రైహెక్సీఫెనిడిల్ అనే మందు ఉంది. 1 మి.గ్రా.తో మొదలుపెట్టి చాలా మెల్లగా పెంచాలి. పిల్లలు పెద్ద డోసులు తట్టుకుంటారు, అడ్డుపడేది మలబద్ధకం, మసక చూపు, బడిలో మరుపు.

అదీ కాదంటే జీపీఐలో (మెదడు లోపల కదలికల్ని నియంత్రించే భాగం) డీబీఎస్. మొత్తం శరీరం డిస్టోనియాకి అది పనిచేస్తుందని 2005లో ఫ్రాన్స్ బృందం, 2006లో జర్మనీ నాయకత్వంలోని బృందం చేసిన ట్రయల్స్ చూపించాయి. టీఓఆర్‌1ఏలో ఫలితం చాలా బాగుంటుంది. 2016-17లో గుర్తించిన కేఎంటీ2బీ జీన్ డిస్టోనియాలోనూ బాగానే ఉంటుంది. అందులోనూ జబ్బు కాళ్లతోనే మొదలై మెడకీ గొంతుకీ ఎక్కుతుంది, కాబట్టి ఈ పాప మాట తడబడడం మొదలైతే ఆ జీన్ డిలీషన్ కోసం వెతికించండి. డీబీఎస్ వీలు హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది. మామూలుగా 130 హెర్ట్జ్, 60 నుంచి 90 మైక్రోసెకన్ల పల్స్‌తో మొదలుపెడతారు. కుటుంబానికి ముందే చెప్పాల్సింది ఒకటుంది. పార్కిన్సన్స్ వణుకులాగా స్విచ్ వేయగానే తగ్గదు. అదిరిపడే కదలికలు రోజుల్లో, వారాల్లో తగ్గుతాయి, బిగుసుకున్న భంగిమలు నెలలు తీసుకుంటాయి. వారానికోసారి సెట్టింగులు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. బ్యాటరీ చడీచప్పుడు లేకుండా అయిపోతే డిస్టోనియా ఒక్కసారిగా తిరగబడి ఐసీయూ దాకా వెళ్లొచ్చు, అందుకని ప్రతి విజిట్‌లోనూ బ్యాటరీ అంకె రాసి పెట్టాలి.

ఇంకోటి, లెవోడోపా ట్రయల్ మధ్యలో జ్వరం వస్తే మందు ఆపకండి. జ్వరానికి డిస్టోనియా దానంతటదే పెరుగుతుంది, ఆ వారం డోసు పెంచకుండా ఉంచి, ఆ వీడియోలని లెక్కలోంచి తీసేయండి. ఫెయిల్ అని తేల్చుకున్నాక కూడా ఒక్కసారిగా కాకుండా, పెంచిన మెట్లలోనే దించండి. దించేటప్పుడు నడక దిగజారిందంటే మందు ఎంతో కొంత పనిచేస్తోందన్నమాట, అక్కడే ఆగి మళ్లీ ఆలోచించాలి.